కొసరు ఐసు

బాన్సువాడ బజార్లో బేరమాడేవాళ్లకు కొదవ లేదు. కానీ ఇరవై నిమిషాల నీళ్లను రెండు నిమిషాల ఐసుకు తెంపినవాణ్ని మాత్రం నేనొక్కణ్నే. ఎదుట అమ్మేవాడు లేడు, పక్కన సాక్షి లేడు, నోరు తెరవాల్సిన పని కూడా పడలేదు. మనసులోనే అడిగాను, మనసులోనే తగ్గించాను, మనసులోనే ఖాయం చేశాను. పైగా కొసరు కూడా వేశాను. మా నాన్న బతికుంటే భుజం తట్టేవాడు. మా ఆవిడ ఏమందో దాని వేళకు చెబుతాను.

మా నాన్నది బట్టల దుకాణం, మేనమామది కిరాణం, చిన్నాయనది స్టీలు సామాన్లు. మా ఇళ్లలో పిల్లలకు ఎక్కాలకంటే ముందు తగ్గించి అడగడం వస్తుంది. మొదట చెప్పేది ధర కాదు, పలకరింపు. దానికి వెంటనే తలూపినవాణ్ని మావాళ్లు జాలిగా చూస్తారు. ఆ బడిలో నేను ఫస్టు. నా పెళ్లి తంతు ఎంతసేపు పడుతుందని అయ్యగారిని అడిగి, అందులోంచి కొంత తగ్గించుకున్నాను. ఓసారి డాక్టరు ఐదు రోజులకు గోలీలు రాస్తే మూడు రోజులకే తెచ్చుకున్నాను. జ్వరం మూడోరోజే దిగింది. దాంతో నా మీద నాకు నమ్మకం మరీ ముదిరింది.

చేసుకున్నది మేనమామ బిడ్డనే. ఆమె కూడా తూకపు రాళ్ల మధ్య పెరిగిందే కాబట్టి నా బేరాలు ఆమెకు నవ్వులాట. నన్ను బావ అని పిలుస్తుంది. ఆ ఒక్క పిలుపుతోనే మెచ్చుకుంటుంది, దాంతోనే తిడుతుంది కూడా.

బస్టాండు పక్క సందులో నాదొక జనరల్ స్టోరు. కూల్‌డ్రింకులు, ఐసు, సబ్బులు, పేస్టులు, పిల్లల బిస్కట్లు. దుకాణం వెనకే మా కాపురం. పై గది ఒక నర్సక్కకు కిరాయికిచ్చాము. మా ముందు గదిలో మా ఆవిడ మగ్గం పని చేస్తుంది. అంటే చెక్క చట్రానికి గుడ్డను బిగించి, పెళ్లి జాకెట్ల మీద జరీతో, పూసలతో పువ్వులు కుట్టడం. చూసేవాళ్లంతా పైనున్న కుడిచేతినీ అందులోని కొక్కెం సూదినీ చూస్తారు. అసలు పని గుడ్డ కింద ఎడమచేతిది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య దారం పట్టుకుని, సూది దిగిన ప్రతిసారీ కొక్కేనికి తగిలించాలి. చూడటానికి ఉండదు, తడుముకుని చేయాలి. పిట్లం నుంచి, రుద్రూర్ నుంచి పెళ్లికూతుళ్లు జాకెట్లు తెచ్చి మా ఆవిడకు ఇచ్చి పోతారంటే అది ఆ కనబడని చేతి పేరు.

ఆ చెయ్యే కాలింది.

ఎండాకాలం, పెళ్లిళ్ల రోజులు, మధ్యాహ్నం. నాకు కుక్కర్ అన్నం గొంతు దిగదు. గంజి వంచిన అన్నం ఒక్కో మెతుకూ విడివిడిగా ఉంటేనే తింటాను. పెళ్లైన కొత్తలోనే ఈ షరతు పెట్టి గెలిచాను. ఆమె ఆ రోజు కూడా గిన్నె మీద మూత అదిమిపెట్టి గంజి వంపుతోంది. మసిగుడ్డ జారింది. మూత పక్కకు తొలిగి గంజి మొత్తం ఎడమచేతి మీద పడింది.

నేను దుకాణంలో ఉన్నాను. గిన్నె పడ్డ చప్పుడు విన్నాను. అరుపు మాత్రం తర్వాత వచ్చింది, ఆ మధ్యలో ఒక్క క్షణం ఏ చప్పుడూ లేదు. నేను వంటింట్లోకి పరుగెత్తేసరికి ఆమె చేతిని దూరంగా, అది తనది కానట్టుగా పట్టుకుని నిలబడి ఉంది. నీళ్లయితే జారిపోయేవి. గంజి జారదు. మణికట్టు నుంచి వేళ్ల దాకా తెల్లగా అంటుకుని, గాజుల కింద ఇరుక్కుని, పొగలు కక్కుతోంది.

పైనుంచి నర్సక్క కిటికీలోంచి కేకేసింది. "ఏమైంది తమ్మీ? కాలిందా?"

"గంజి వడ్డదక్కా, చేతి మీద!"

"నీళ్ల కింద వెట్టు! ధార కింద ఇరవై నిమిషాలు, తియ్యకు! నేనొస్తున్న!"

కుళాయి తిప్పాను. డాబా మీది నల్ల ట్యాంకులో పొద్దుటి నుంచి కాగిన నీళ్లు. నా చెయ్యి పెడితేనే చురుక్కుమంది. అక్కడ మొదలైంది నా బేరం. ఈ నీళ్లు పనికిరావు. ఇరవై నిమిషాలంటే పలకరింపు ధర, నర్సులు ఎప్పుడూ ఎక్కువే చెబుతారు. దుకాణంలో ఐసుంది. ఐసు నీళ్లకంటే ఎన్నో రెట్లు చల్లన. సరుకు చిక్కనైతే కొలత తగ్గాలి. ఇరవై నిమిషాల నీళ్లకు రెండు నిమిషాల ఐసు చాలదా? పావు క్షణంలో తేలిపోయింది లెక్క. ఫ్రిజ్‌లోంచి గడ్డ తీసుకొచ్చి ఆమె చేతికి అదిమాను.

"బావా, మండుతుంది బావా!"

"ఐసే, మంటెందుకుంటది? గట్టిగుండు."

గోడ గడియారం చూస్తూ అదిమాను. రెండు నిమిషాలు నిండాయి. నా చెయ్యి ఊరుకుంటుందా? మా నాన్న రెండు మీటర్ల గుడ్డ కోస్తే, కత్తెర ఎప్పుడూ గీత దాటి ఇంకో రెండు వేళ్లు పోయేది. అది కొసరు. కొసరు వెయ్యని దుకాణం మా వంశంలో లేదు. బొటనవేలి మొదట్లో, మణికట్టుకు పైన, బాగా ఎర్రగా కనబడ్డ చోట గడ్డను ఇంకాసేపు ఉంచాను. ప్రేమగానే ఉంచాను. అది రాయడానికి ఇప్పుడు సిగ్గేస్తోంది గానీ, ప్రేమగానే.

సోడా కోసం వచ్చిన ఒక అవ్వ ఈ గోలకు గల్లా దాటి లోపలికే వచ్చేసింది. వస్తూ వస్తూ నా దుకాణం అలమరలోంచే ఒక పేస్టు డబ్బా తెచ్చింది.

"గీ పేస్టు వుయ్యి బిడ్డా, సల్లగైతది."

మా ఆవిడ పళ్లు బిగించుకునే అంది. "నాకొద్దవ్వా. నువ్వు పండ్లు తోముకో."

అప్పుడే నర్సక్క దిగింది. నా చేతిలోని ఐసు గడ్డను చూసింది. నేను ఏదో ఘనకార్యం చూపిస్తున్నట్టు దాన్ని ఇంకాస్త పైకెత్తాను.

"ఐసు వెట్టినవా?"

"రెండు నిమిషాలే అక్కా. ట్యాంకు నీళ్లు ఉడుకుతున్నయి."

"బోరు మోటరు లేదా నీకు? బుద్ధున్నదా? భూమిలకెల్లి నీళ్లొస్తయి కదా! ఎయ్యి మోటరు, ఉరుకు!"

మోటారు స్విచ్చి నా గల్లా వెనకే ఉంది. రోజూ పొద్దున దాన్ని వేసేది నేనే. నాకది తట్టలేదు. నాకు లెక్క తట్టింది, స్విచ్చి తట్టలేదు.

పెరట్లో బోరు పైపు కింద చెయ్యి పెట్టారు. నీళ్లు చల్లగా, లావుగా, మామూలుగా పడ్డాయి. గంజి మెల్లగా కరిగి పోయింది. దాని కింది చర్మం కొన్నిచోట్ల ఎర్రగా, కొన్నిచోట్ల బొబ్బలుగా, అక్కడక్కడా మైనంలాగా కనబడింది. నర్సక్క మణికట్టు వైపు చూసి, "గాజులు తియ్యాలె, ఇప్పుడే. వాపొస్తే కోసుకపోతయి" అంది. తీయడానికి చూసింది. బొబ్బల మీదుగా అవి రావు. "పగలగొడ్త."

అవ్వ గుండె మీద చెయ్యి వేసుకుంది. "ముత్తైదువ గాజులు పగలగొడ్తరానె? నీకు పున్యముంటది, సబ్బు వెట్టి తీయరాదు!"

అందరం ఆగిపోయాము. నేనూ ఆగిపోయాను, అదీ రాస్తున్నాను. నీళ్లు పడుతూనే ఉన్నాయి.

మా ఆవిడ తలెత్తి అవ్వను చూసింది, తర్వాత నన్ను చూసింది. "మనిషి ఎదురుంగనే ఉన్నడు కదవ్వా, ఐసు వట్టుకొని. పగలగొట్టక్కా."

నర్సక్క గాజుల కింద గుడ్డ దూర్చి, పోపుల డబ్బా మూతతో ఒక్కొక్కటీ పగలగొట్టింది. అప్పటికీ నా చేతిలో ఐసు గడ్డ ఉందన్న సంగతి అప్పుడే తెలిసింది నాకు. సందులోకి విసిరేశాను.

చెప్పిన ఇరవై నిమిషాలూ నర్సక్క పూర్తిగా పట్టించింది, ఒక్కటీ తగ్గించలేదు. ఆ తర్వాత చేతికి శుభ్రమైన పల్చటి గుడ్డ కప్పి, కారు కిరాయికి మాట్లాడుకుని నిజామాబాద్ బయల్దేరాము. నర్సక్క డ్యూటీకి పోవాలి, రాలేదు. వీధి చివర నాతో ఒక్క మాట చెప్పింది. "ఐసు సంగతి డాక్టరుకు చెప్పు తమ్మీ. దాచకు."

కాలువ నీళ్లు పారే పొలాల మధ్య కారు పోతోంది. అద్దంలోంచి వచ్చే గాలి పొయ్యి ఊదినట్టుంది. ఆమె చేతిని పైకెత్తి పట్టుకుని ఉంది. వేళ్లు ఆడించి చూస్తోంది. చూపుడువేలు, బొటనవేలు. దారం పట్టుకున్నట్టు దగ్గరికి తెస్తోంది, తేలేక వదిలేస్తోంది, మళ్లీ తెస్తోంది.

"ఆడిస్తే నొప్పి కదా, ఊకో" అన్నాను.

"ఊకుంటే తెలుస్తదా ఉన్నదో పోయిందో?"

రుద్రూర్ దాటేదాకా అట్లా ఆడిస్తూనే ఉంది.

దవాఖానలో డాక్టరమ్మ వయసులో చిన్నదే గానీ చూపు పెద్దది. చెయ్యి చూసింది, నొక్కింది, అడిగింది. "ఏం పెట్టారు దీని మీద?"

"నీళ్లు మేడం" అన్నాను.

మా ఆవిడ నా వైపు తిరగలేదు. గోడను చూస్తూ అంది. "ఐసు. ఆయన వెట్టిండు. తర్వాత నీళ్లు."

"ఎంతసేపు పెట్టారు ఐసు?"

"రెండు నిమిషాలు" అన్నాను. గొంతు సవరించుకుని, "ఒకచోట కొంచెం ఎక్కువ" అన్నాను.

డాక్టరమ్మ చీటీ మీద రాసుకుంది. కేకలేసుంటే ఎదురు చెప్పే మాటలు నా దగ్గర నాలుగు తయారుగా ఉన్నాయి. ఏమీ అనకపోయేసరికి అవి నాలోనే మిగిలిపోయాయి.

కట్టు కట్టాక వరండాలో డాక్టరమ్మను పట్టుకున్నాను. పూర్తిగా ఎప్పుడు తగ్గుతుంది, కుట్టు పని ఎప్పుడు చేసుకోవచ్చని అడిగాను. ఆమె తన పెన్ను తీసి, నా ఎడమచెయ్యి ఇలా పెట్టమని, దాని మీదే ఒకదాని చుట్టూ ఒకటి మూడు గుండ్రాలు గీసింది.

"నడుమ ఉన్నది చూడండి. వేడి నేరుగా తగిలిన చోటు. అక్కడి కణాలు పోయాయి. వాటి గురించి మనం చేసేదేం లేదు. బయటి గుండ్రం ఎర్రబడిందంతే, దానంతటదే కోలుకుంటుంది. మధ్యలో ఈ ఉంగరం ఉంది చూశారా, ఇక్కడి కణాలు బతికీ లేవు, చావనూ లేదు. మన కొట్లాటంతా వీటి కోసమే."

"ఎప్పుడు తేల్తది మేడం?"

"రెండు రోజులు. ఎల్లుండి విప్పి చూస్తాను. ఉంగరం బతికితే మందులతో, కట్లతో మానుతుంది. చస్తే తొడ మీది చర్మం తీసి అతకాలి. వేళ్ల దగ్గర అతికితే చర్మం బిగుసుకుంటుంది. వేళ్లు ముందులాగా వంగకపోవచ్చు."

వేళ్లు వంగకపోవచ్చు. నాకు మగ్గం చట్రం కళ్లముందు కనబడింది, దాని కింద ఖాళీ.

నోరు ఊరుకోదు కదా. అలవాటుగా బేరం మొదలుపెట్టాను. "మేడం, ఆమె చెయ్యి మామూలు చెయ్యి కాదు. పెనం మీది రొట్టెను వట్టి వేళ్లతో తిప్పుతది. వేడికి అలవాటు వడ్డ తోలు. కొంచెం గట్టిగ తట్టుకుంటది కదా?"

ఆమె నవ్వలేదు. నా మాటను కొట్టిపారెయ్యనూ లేదు. "కొంత నిజం ఉంది. చిన్న వేడి తగిలిన కణం ఆ తర్వాత కొద్దిసేపు, మహా అయితే ఒకటి రెండు రోజులు, పెద్ద వేడిని మామూలుకంటే బాగా తట్టుకుంటుంది. తర్వాత ఆ బలం దిగిపోతుంది. ఏళ్ల తరబడి రొట్టెలు కాల్చింది లెక్కకు రాదు. పైగా రొట్టెకు తగిలేది వేలికొసలు, అక్కడి తోలు మందం. గంజి పడింది చేతి వెనక."

ఒక పాత బాకీ కొట్టేసినట్టు కొట్టేసింది నా వాదన. అప్పుడు నిజంగా తెలుసుకుందామనే అడిగాను. కణం తట్టుకోవడమంటే ఏం చేస్తుంది లోపల? ఆమెకు వేరే పని ఉంది, అయినా ఒక్క నిమిషం ఆగింది. కణంలో వేల రకాల ప్రొటీన్లుంటాయని, ప్రతిదీ ఒక పద్ధతిలో మడత పడి ఉంటుందని, ఆ మడతలో ఉంటేనే పని చేస్తుందని చెప్పింది. వేడికి మడతలు విడిపోతాయి. విడిపోయినవి ఒకదానికొకటి చిక్కుపడి ముద్దలవుతాయి. అప్పుడు కణం తన రోజువారీ పనిని చాలావరకు ఆపేసి, మడత పెట్టే సహాయక ప్రొటీన్లను పెద్దఎత్తున తయారు చేసుకుంటుంది. అవి విడిపోయినవాటిని పట్టుకుంటాయి, సరిచేయగలిగినవి సరిచేస్తాయి, పాడైనవాటిని తుక్కుకు పంపుతాయి. చెయ్యగలిగితే కణం బతుకుతుంది. చెయ్యలేనంత పాడైతే, పక్కవాటికి ఇబ్బంది కాకుండా తనను తానే మూసేసుకుంటుంది.

ఇది నాకు ఎవరూ చెప్పకుండానే తెలిసినట్టు అనిపించింది. మా నాన్న దుకాణానికి పెళ్లివాళ్లు గుంపుగా వచ్చేవాళ్లు. ఒక చీర కొనడానికి వంద చీరలు విప్పించేవాళ్లు. వాళ్లు పోయాక గద్దె మీద చీరల గుట్ట, జరీ అంచులు ఒకదాంట్లో ఒకటి చిక్కుకుని. నాన్న షట్టర్ సగం దించేసేవాడు. బయట ఎవరు పిలిచినా అమ్మకం లేదు. ఇంటిల్లిపాదీ కూర్చుని మడతలు పెట్టడమే. ఇద్దరు కొసలు పట్టుకోవడం, ఒకరు అంచులు కలపడం. చిరిగినవి, మరక పడ్డవి పక్కకు. మడతలన్నీ అలమరలోకి చేరితే మర్నాడు దుకాణం ఉన్నట్టు. ఆ మడత పెట్టే వేళలో ఎవరైనా వచ్చి కరెంటు తీసేస్తే, అన్నం నీళ్లు ఆపేస్తే?

"ఐసు ఏం చేస్తది మేడం?" అన్నాను.

"ఆ ఉంగరానికి రక్తం అందడం అసలే కష్టంగా ఉంటుంది, రక్తనాళాలు వాచి, ఇరుకై. ఐసు వాటిని ఇంకా ముడిచేస్తుంది. పైగా ఎక్కువ చలి కూడా కణానికి దెబ్బే. నీళ్లయితే లోపల ఇంకా ఉడుకుతున్న వేడిని మెల్లగా లాగుతాయి. అందుకే అంతసేపు. చల్లదనం ఎక్కువ చేసి టైం తగ్గించడం కుదరదండీ. తర్వాతైనా నీళ్లు పెట్టారు, అదే మేలు."

టైం తగ్గించడం కుదరదు. ఆమెకు నా లోపలి బేరం తెలియదు. అయినా సరిగ్గా దాని మీదే వేలు పెట్టింది.

ఆ రెండు రోజులూ నా చేతి మీది గుండ్రాలను కడుక్కోలేదు. కుడిచేత్తో తిన్నాను, కుడిచేత్తోనే మొహం కడుక్కున్నాను. చెమటకు ఇంకు అలుక్కుపోతుంటే, మధ్య ఉంగరం ఎక్కడ చెరిగిపోతుందోనని చొక్కా చెయ్యి దించుకోకుండా తిరిగాను. దవాఖాన మంచం మీద ఆమె చెయ్యి దిండ్ల మీద ఎత్తుగా ఉంది. సెలైన్ ఎక్కుతోంది. కట్టు లోపల షట్టర్ సగం దించి ఎవరెవరు మడతలు పెడుతున్నారో, ఎవరు చేతులెత్తేశారో బయటికి ఏమీ కనబడదు. వ్యాపారంలో నాకు ఇంత కష్టమైన రోజులు లేవు. ఎదుటివాడి మొహం కనబడని బేరం నేనెప్పుడూ చెయ్యలేదు.

"జాకెట్లు?" అంది ఒకసారి. మగ్గం మీద రెండు పెళ్లి జాకెట్లు సగంలో ఉన్నాయి.

"పిట్లంల ఒకామె ఉన్నది కదా, ఆమెకు ఇద్దామా?"

"ఆమె నెమలి మెడ వంకర కుడ్తది."

"వంకరైతే వంకర, పెండ్లి ఆగదు కదా."

"బావా, నిజం చెప్పు. డాక్టరు నీకు వేరే ఏమన్న చెప్పిందా? నువ్వు తక్కువ చేసి చెప్తున్నవా నాకు?"

ఎన్నడూ లేనిది, మొదటి ధరే చెప్పాను. గుండ్రాలు చూపించాను. చర్మం అతకడం, వేళ్లు బిగుసుకోవడం, ఐసు రక్తనాళాలను ముడవడం, అన్నీ. కొసరు సంగతి కూడా. ఎక్కడ ఎక్కువసేపు పెట్టానో నా చేతి మీదే చూపించాను.

ఆమె నా చేతిని చాలాసేపు చూసింది. "సోడా బండోని బుద్ధి" అంది. "అన్నిట్ల ఐసేసుడే." తర్వాత మొహం అటు తిప్పుకుంది. భుజాలు కదులుతున్నాయి. నవ్వో ఏడుపో నాకు తెలియలేదు, అడగడానికి ధైర్యం చాల్లేదు.

విప్పే రోజు వచ్చింది. డాక్టరమ్మ కట్టు తడిపి, ఒక్కో పొరా తీస్తుంటే నేను కిటికీ దగ్గర నిలబడ్డాను. "ఇటు రండి, చూడండి" అని పిలిచింది. పోయాను.

"ఇప్పుడు చిన్న సూదితో తాకుతాను. నొప్పి ఉంటే చెప్పమ్మా. ఓర్చుకోవద్దు. నొప్పి ఉండడం మంచిది."

మా ఆవిడ చిన్నప్పటి నుంచి నొప్పి ఓర్చుకోవడమే నేర్చుకున్న మనిషి. మగ్గం సూది వేలికి గుచ్చుకుంటే నోట్లో పెట్టుకుని చప్పరించి పని సాగిస్తుంది. ఇప్పుడు అరవమంటున్నారు.

మధ్యవేలి వెనక సూది తాకింది. "అబ్బా" అంది. డాక్టరు వేలితో నొక్కి వదిలింది. తెల్లబడి, మెల్లగా మళ్లీ ఎర్రబడింది. "రక్తం వస్తోంది. మంచిది."

చేతి వెనక నడుమ. "మ్..." నొక్కింది. ఆలస్యంగానే, ఎర్రబడింది.

చూపుడువేలు. సూది తాకింది. చప్పుడు లేదు. డాక్టరు కొంచెం పక్కకు జరిపి మళ్లీ తాకింది. అప్పుడు ఆమె గదంతా ఉలిక్కిపడేలా అరిచింది. అరిచి, నా వైపు తిరిగి, "ఏం జూస్తున్నవ్ గుడ్లగూబ లెక్క, చెయ్యి వట్టుకోరాదు!" అంది. కుడిచెయ్యి పట్టుకున్నాను. ఆ తిట్టును ఎంతకైనా కొనేవాణ్ని.

చివరికి బొటనవేలి మొదలు. మణికట్టుకు పైన. సూది తాకింది.

"తాకుతున్నారా?" అని అడిగింది మా ఆవిడ.

డాక్టరు మళ్లీ తాకింది. ఇంకొంచెం లోపలికి. నొక్కింది. తెల్లగా ఉన్నది తెల్లగానే ఉండిపోయింది. ఆమె తల పైకెత్తకుండానే ఆ చోటు అంచుల వెంట సూదితో వెళ్లింది. అంచుల్లో నొప్పి ఉంది. లోపల లేదు. అగ్గిపెట్టెంత చోటు.

"ఇంతవరకు అతకాలి" అంది. "మిగతాది వదిలేద్దాం. వేళ్లు మానతాయి."

బయటికి వచ్చాక మళ్లీ ఆమె వెనకే పడ్డాను. నేను కొసరు వేసిన చోటు అదే. అయితే గాజుల కింద గంజి ఎక్కువ నిలిచింది కూడా అటువైపే. "మేడం, ఒక్క మాట. అది గంజితోటి పోయిందా, ఐసుతోటి పోయిందా?"

"ఎవరూ చెప్పలేరండీ. గంజితో ఎలాగూ పోయేదేమో. ఐసు లేకపోతే సగమైనా మిగిలేదేమో."

"ఎక్కువ గంజిదే ఉంటది కదా?"

ఆమె ఆగి నన్ను చూసింది. అప్పుడు నాకు నా గొంతు వినబడింది. తప్పు మీద కూడా తగ్గించి అడుగుతున్నాను.

"చెప్పలేను" అంది. వెళ్లిపోయింది.

తొడ మీది చర్మం తీసి అతికారు. అతికింది. ఇంటికొచ్చాక నెలల పాటు ఆమె వేళ్లకు వ్యాయామం. బంతి నొక్కడం, పిండి పిసకడం, బొటనవేలిని చూపుడువేలికి తాకించడం. నొప్పికి నన్ను తిట్టుకుంటూ చేసేది. మొదట్లో రోజుకు ఎన్నిసార్లు చెయ్యమన్నారో అన్నిసార్లూ చేస్తుంటే, "ఇయ్యాల కొంచెం తక్కువ చెయ్యరాదు, అలసినవ్" అన్నాను ఒకసారి. ఆమె చూసిన చూపుకు మళ్లీ అనలేదు.

అవ్వ ఓరోజు కొత్త గాజులు తెచ్చిచ్చింది. "ఎడమచేతికి వెట్టుకోకు బిడ్డా, కుడిచేతికే" అంది. మా ఆవిడ రెండు చేతులకూ వేసుకుంది. ఎడమచేతివి ఒక సైజు పెద్దవి తెప్పించుకుంది, తేలిగ్గా తీసేటట్టు.

ఇగ లెక్క.

రెండు జాకెట్లు పిట్లం పోయాయి, నెమళ్ల మెడలు వంకరగానే వచ్చాయి. మా ఆవిడ తొడ మీద ఒక చదరపు మచ్చ. చేతి వెనక రంగు తేడా, వానాకాలంలో దురద. బొటనవేలు మునుపటంత వెడల్పుగా తెరుచుకోదు. అందుకని దారాన్ని చూపుడువేలికీ మధ్యవేలికీ మధ్య పట్టుకోవడం నేర్చుకుంది. మళ్లీ కుడుతోంది, ముందటికన్నా నిదానంగా. కొత్త నెమళ్ల మెడలు తిన్నగానే ఉన్నాయి.

మా ఇంట్లో కుక్కర్ అన్నమే. గొంతు బాగానే దిగుతోంది. మోటారు స్విచ్చి గల్లా వెనక నుంచి వంటింటి గుమ్మానికి మారింది.

ఆ అగ్గిపెట్టెంత చోట ఆమెకు వేడి తెలియదు, చలి తెలియదు. స్నానం నీళ్లు కుడిచేత్తోనే చూసుకుంటుంది. ఒక్కోసారి నేను దుకాణం నుంచి వచ్చి ఆమె ఎడమచెయ్యి పట్టుకుంటాను. నా వేలు ఆ చోట పడిందో లేదో ఆమె చూసి చెప్పాలి, చూడకుండా చెప్పలేదు. గంజి వాటా ఎంతో, నా వాటా ఎంతో విడదీయడానికి ఎంత చూసినా కుదరలేదు. కాబట్టి మొత్తం నా పేరు మీదే రాసుకున్నాను. తగ్గించి అడగలేదు.